హెచ్చరిక: డాక్టరు ముందు ఇంగ్లిషు చిన్న మాటలతో జాగ్రత్త

బ్రిటన్‌లో మానసిక వైద్యం చేస్తున్న తెలుగు డాక్టర్లు, హంగేరీలో చదువుకుంటున్న మన పిల్లలు, వాళ్లను పంపిన తల్లిదండ్రులు ఈ నాలుగు ముక్కలు పక్కన పెట్టకుండా ఇప్పుడే చదవాలి.

ఇంగ్లండులో ఒక జీపీ (ఫ్యామిలీ డాక్టరు) గది అనుకోండి. డాక్టరు ఎదురుగా హంగేరీ నుంచి వచ్చి గోదాములో పనిచేస్తున్న మనిషి కూర్చున్నాడు. నెల రోజులుగా నిద్ర లేదు, తిండి సహించడం లేదు. డాక్టరు గొంతు తగ్గించి అడుగుతారు: “డూ యూ ఎవర్ ఫీల్ యూ డోంట్ వాంట్ టు బి హియర్?” బతకాలని లేదా అని ఆ ప్రశ్నకు అర్థం. చావు పేరెత్తకుండా చావు సంగతి అడగడం ఇంగ్లిషువాళ్ల మర్యాద. ఆ మనిషికి వినిపించింది మాత్రం ఇంగ్లండులో ఉండాలని లేదా అని. “నో నో, ఇట్ ఈజ్ గుడ్ హియర్” అంటాడు. ప్రమాదం లేదని డాక్టరు రాసుకుంటారు. అదే మనిషి ఇంటి మీద బెంగతో ఉంటే “యెస్, ఎవ్రీ డే” అంటాడు. అప్పుడు అత్యవసర బృందానికి ఫోన్ వెళ్తుంది. రెండో పొరపాటు కాసేపటి గందరగోళంతో పోతుంది. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇది హంగేరియన్ల విషయంలో తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. 1980లలో ఆత్మహత్యల రేటులో ప్రపంచంలోనే ముందున్న దేశం హంగేరీ. లక్షమందికి దాదాపు 45. ఆ తర్వాత అది సగానికి పైగా తగ్గింది, నిజమే. కానీ దేశం 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక వేలాదిమంది బ్రిటన్ చేరారు. మనసు బాగోలేనప్పుడు సొంత భాషలో అడిగేవాళ్లు లేక, వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పుకుంటున్నారు. అవతల వినే డాక్టరు చాలాసార్లు మనవాడే కావచ్చు, ఎందుకంటే బ్రిటన్ మానసిక వైద్య విభాగాల్లో భారతీయ డాక్టర్ల వాటా పెద్దది. అంటే గదిలో ఉన్న ఇద్దరికీ ఇంగ్లిషు అమ్మభాష కాదు.

ఇంగ్లిషు నేర్చుకునే హంగేరియన్ల కోసం పదాల పట్టికలు రాసేవాళ్లు దారి తప్పింది ఇక్కడే. డిగ్రీ పట్టా చేతికి రావాలంటే విదేశీ భాషా పరీక్ష పాసవ్వాలన్న నిబంధన హంగేరీలో ఏళ్ల తరబడి నడిచింది. ఆ పరీక్షల పుణ్యమా అని అంశాలవారీ పదాల పట్టికలు పుట్టుకొచ్చాయి. మానసిక ఆరోగ్యం పట్టిక తెరిస్తే డిప్రెషన్, ఫోబియా, ట్రామా, స్కిట్సోఫ్రేనియా వరసగా కనిపిస్తాయి. లాటిన్, గ్రీకు సొత్తు కాబట్టి ఇవి హంగేరియన్‌లోనూ దాదాపు ఇలాగే ఉంటాయి. కొత్తగా నేర్చుకోవలసింది స్పెల్లింగే. అసలు తప్పు దొర్లేది డ్రగ్, నెర్వస్, హీ, షీ, యెస్, నో, హియర్, సేఫ్ లాంటి మాటల దగ్గర. పదేళ్ల పిల్లాడికీ వచ్చిన మాటలు కాబట్టి ఎవరూ పట్టికలో రాయరు, ఎవరూ మళ్లీ అడగరు.

డ్రగ్ సంగతి చూడండి. హంగేరియన్‌లో ‘ద్రోగ్’ అంటే మత్తుపదార్థం. డాక్టరు రాసే మాత్రకు వేరే మాట ఉంది. “ఆర్ యూ ఆన్ ఎనీ డ్రగ్స్?” అని జీపీ మామూలుగా అడిగితే రోగి నొచ్చుకుని, లేదని గట్టిగా చెప్తాడు. అతని సంచిలో మాత్రం బుడాపెస్ట్ నుంచి తెచ్చుకున్న ఫ్రాంటిన్ డబ్బా ఉంటుంది. ఫ్రాంటిన్ అంటే అల్ప్రాజొలామ్, హంగేరీ కంపెనీ ఎగిష్ తయారు చేసే మందు. బ్రిటన్ ప్రభుత్వ వైద్యంలో అల్ప్రాజొలామ్ రాయరు. తెచ్చుకున్నది అయిపోగానే ఒక్కసారిగా మానేయవలసి వస్తుంది. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మద్యంతోనో, ఓపియాయిడ్ నొప్పి మాత్రలతోనో కలిస్తే ఊపిరి మందగించవచ్చు. ఇదంతా తప్పించడానికి డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్న పక్కకు పోయింది. మనకీ ఈ చిక్కు కొత్త కాదు. “మందు అలవాటుందా?” అంటే మన ఊళ్లో రోగి కూడా ముందు డాక్టరు మొహం చూసి, ఏ మందో తేల్చుకుని అప్పుడు నోరు విప్పుతాడు.

మందుల పేర్లు కూడా దేశం దాటగానే మారిపోతాయి. బుడాపెస్టు కంపెనీ గెడియన్ రిక్టర్ కనిపెట్టిన కారిప్రజీన్‌ను యూరప్‌లో రియాగిలా అంటారు, అమెరికాలో వ్రేలార్ అంటారు. అందుకని నోటితో పేరు చెప్పి ఊరుకోవద్దు. డబ్బా తీసుకెళ్లండి. డబ్బా మీద కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూపించండి.

‘ఇదెగెష్’ అనే మాట ఒకటుంది. బడిలో దానికి నెర్వస్ అని నేర్పుతారు. వాడుకలో హంగేరియన్లు చిరాకుకూ, కోపానికీ, మనసు కుదురుగా లేకపోవడానికీ అన్నిటికీ ఇదెగెష్ అనే అంటారు. “ఐ యామ్ ఆల్వేస్ నెర్వస్ విత్ మై వైఫ్” అని ఒకతను చెప్తే ఇంగ్లిషు చెవికి అతను భార్యంటే భయపడుతున్నట్టు వినిపిస్తుంది. ఆందోళన అని రాసుకుంటారు. అతను చెప్పింది ఇంట్లో ప్రతిదానికీ మండిపడుతున్నానని. మగవాళ్లలో డిప్రెషన్ ఇలా కోపం రూపంలో బయటపడటం డాక్టర్లకు తెలిసిందే. ఆ ఇంట్లో భార్యకు రక్షణ ఉందా అన్న ప్రశ్న అప్పుడే అడగాలి. ఒక్క మాట మారిందంటే ఆ ప్రశ్నే రాదు. మన ‘టెన్షన్’ కూడా ఇలాంటిదే. పరీక్ష భయమూ టెన్షనే, అప్పులవాళ్లూ టెన్షనే, రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకోవడమూ టెన్షనే. ఇంగ్లిషు డాక్టరుకు టెన్షన్ అంటే మెడ కండరాలు పట్టేయడమో, ఇద్దరి మధ్య గొడవో.

డీలాపడిన హంగేరియన్ తన గురించి చెప్పుకునేటప్పుడు ‘నా కింద నేనున్నాను’ అంటాడు. ఎంత చక్కటి మాట! యథాతథంగా “ఐ యామ్ అండర్ మైసెల్ఫ్” అని ఇంగ్లిషులో పెడితే, మనిషి తనను తాను బయటనుంచి చూస్తున్నట్టు భ్రమపడుతున్నాడేమోనని కంగారుపడే డాక్టర్లూ ఉంటారు. ఇలాంటి నుడికారం విన్నప్పుడు రోగం పేరు రాసుకునే ముందు, అలా అనిపించిన రోజున ఏం చేశారు, ఏం తిన్నారు, మంచం ఎప్పుడు దిగారు అని అడిగితే చాలు.

హీ, షీల తంటా ఇంకా లోతైంది. హంగేరియన్‌లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే సర్వనామం, ‘ఓ’. చిన్నప్పటినుంచి ఆ తేడా నోటికి అలవాటు లేనివాళ్లు, ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లు కూడా, అలసటలోనో ఏడుపులోనో ఉంటే తల్లిని హీ అనేస్తారు, అన్నను షీ అనేస్తారు. “మై మదర్ లివ్స్ విత్ మై బ్రదర్, హీ హిట్స్ హర్, షీ వాజ్ ఇన్ హాస్పిటల్.” ఎవరు కొట్టారు? ఆసుపత్రిలో ఎవరున్నారు, దెబ్బలతోనా, మనసు బాగోలేకనా? ఫైల్లో ఏదో ఒకటి రాస్తారు. ఒకసారి రాశాక అదే ఏళ్ల తరబడి వెంట వస్తుంది. మనకు వాడు, ఆమె అన్న తేడా ఉంది కాబట్టి తెలుగు డాక్టరుకు ఇక్కడ అనుమానమే రాదు. సర్వనామం వదిలేసి, ప్రతిసారీ అమ్మ, అన్న అని పేరుపెట్టి తిరిగి అడగండి.

ఫోనులో అనువాదం పెట్టుకుంటే సరిపోతుందనుకునేవాళ్లు ఇది వినాలి. 2021లో గూగుల్ అనువాదం ఇదే ‘ఓ’ను ఎలా మారుస్తోందో జనం పెట్టి చూశారు. అందంగా ఉంది అన్నచోట షీ, తెలివైనవాడు అన్నచోట హీ వచ్చాయి. వంట చేస్తే ఆడది, పరిశోధన చేస్తే మగవాడు. యంత్రం ఊహించి రాస్తుంది. ఎవరు ఎవర్ని కొట్టారన్న వాక్యంలో కూడా అలాగే ఊహిస్తుంది. ఊహించినట్టు చాలాసార్లు మనకు చెప్పదు.

తెలుగు డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. మనకు ‘కదా’తో అడిగే అలవాటుంది: పిచ్చి ఆలోచనలేం రావట్లేదు కదా? ఇంగ్లిషులోకి కూడా అదే దిగుతుంది: “యూ ఆర్ నాట్ థింకింగ్ ఆఫ్ హార్మింగ్ యువర్‌సెల్ఫ్, నో?” దీనికి తెలుగువాడు అవునంటే రావట్లేదని అర్థం. ఇంగ్లిషువాడు యెస్ అంటే వస్తున్నాయని అర్థం. హంగేరియన్‌లో ఇలాంటి ప్రశ్నను కాదనడానికి అవును, కాదులు కాక మూడో మాట ఉంది, ‘దె’. లేదు కదా అని అడిగితే, ఉన్నాయి అని చెప్పదలచినవాడు దె అంటాడు. దానికి మామూలు అర్థం ‘కానీ’. ఇంగ్లిషులో సాటి మాట లేదు. తల వంచుకుని కూర్చున్న మనిషి యెస్ అంటాడో, నో అంటాడో, “బట్...” అని ఆగిపోతాడో చెప్పలేం. లేదు కదా అన్న ప్రశ్న వాళ్లను అడగనే వద్దు. చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం వద్దు. అడగడం వల్ల అలా జరుగుతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. జవాబుగా ఒక్క మాట వస్తే ఒప్పుకోవద్దు, పూర్తి వాక్యం చెప్పించండి.

ఈ సున్నితపు ఇంగ్లిషు మీద నాకున్న కోపం దాచుకోను. “కెన్ యూ కీప్ యువర్‌సెల్ఫ్ సేఫ్?” అని అడిగితే, తలుపు గడియ గట్టిగా ఉందా అని అడుగుతున్నారేమో అనుకునే వలస కూలీని తప్పుపట్టగలమా? చట్టం మాటలు మరీ ఘోరం. ఇంగ్లండు, వేల్స్‌లలో 1983 మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా ఆసుపత్రిలో ఉంచడాన్ని ‘సెక్షన్’ చేయడం అంటారు. రెండో సెక్షన్ కింద పరీక్ష కోసం 28 రోజుల దాకా, మూడో సెక్షన్ కింద చికిత్స కోసం తొలివిడతగా ఆరు నెలల దాకా ఉంచవచ్చు. సొంత ఇష్టంతో చేరినవాళ్లను ‘ఇన్ఫార్మల్’ పేషెంట్ అంటారు. లాంఛనం లేనిది అని నేర్చుకున్న ఆ మాటలో, నీ ఇష్టప్రకారమే ఇక్కడున్నావు అన్న హక్కు దాగుందని ఏ విదేశీయుడికి తడుతుంది? కాగితం మీద సంతకం పెట్టే ముందు, నేను వద్దంటే వెళ్లిపోవచ్చా అని రోగి అడిగి తీరాలి.

విచిత్రం ఏమిటంటే, బ్రిటిష్ జీపీలకు రోగి మాట వినడం నేర్పిన మైకేల్ బాలింట్ బుడాపెస్టులో పుట్టినవాడే. 1930ల చివర్లో ఇంగ్లండు చేరి, డాక్టర్లను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి తమ రోగుల గురించి మాట్లాడించాడు. బాలింట్ గ్రూపులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇక దెబ్రెత్సెన్, సెగెద్, పేచ్, బుడాపెస్టుల్లో చదివే మన పిల్లలు. అక్కడ పరిస్థితి తిరగబడుతుంది. అడిగే డాక్టరు హంగేరియన్, చెప్పేది తెలుగు పిల్ల. డాక్టరు “ఆర్ యూ నెర్వస్?” అంటే కోపం గురించి అడుగుతుండవచ్చు. “మెంటల్ ఎక్కుతోంది, టెన్షన్‌గా ఉంది” అని మన పిల్ల చెప్పిందానికి ఆయన ఏం అర్థం చేసుకుంటారో దేవుడికే ఎరుక. పెద్ద విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థులకు ఇంగ్లిషులో కౌన్సెలింగ్ ఉంటుంది, దాన్ని వాడుకోవాలి. వెళ్లే ముందు నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోవాలి: ఎన్ని రోజులుగా, రాత్రి ఎన్ని గంటల నిద్ర, తిండి ఎలా ఉంది, చనిపోవాలన్న ఆలోచన ఉందా లేదా. రోగాల పేర్లు అక్కర్లేదు.

డిప్రెషన్ తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం, పీహెచ్‌క్యూ-9, హంగేరియన్‌లోనూ తెలుగులోనూ ఉంది. ఖర్చు లేదు. డాక్టర్లు ఇంగ్లిషు పత్రం ఇవ్వడం మానేసి ఎవరి భాషలోది వాళ్లకివ్వాలి. చావు ఆలోచనల గురించి అడిగేది తొమ్మిదో ప్రశ్న. మొత్తం మార్కులు తక్కువొచ్చినా ఆ జవాబును విడిగా చూడాలి.

ప్రాణాపాయం అనిపిస్తే బ్రిటన్‌లో 999, హంగేరీలో 112కు చేయాలి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే రెండు దేశాల్లోనూ 116 123 పనిచేస్తుంది. ఇంగ్లండులో 111కు చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్య సిబ్బంది దొరుకుతారు. మన దేశంలో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

బ్రిటన్ ప్రభుత్వ వైద్యంలో దుబాసీని ఉచితంగా ఇస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే హంగేరియన్ దుబాసీ కావాలనో, తెలుగు దుబాసీ కావాలనో ఒక్క మాట చెప్పాలి. అది మొహమాటపడి మానేసి, బడిలో ఇంగ్లిషు నేర్చిన పిల్లల్ని వెంట తీసుకెళ్లే ఇళ్లు వలసవాళ్లలో చాలా ఉన్నాయి. ఆ పని ఈ వారం నుంచే ఆపండి. నాన్నకు చచ్చిపోవాలని ఉందా అన్న ప్రశ్నను పదేళ్ల పిల్ల తన నోటితో నాన్నను అడగవలసి వస్తుంది. ఆయన అవునంటే ఆ జవాబును డాక్టరుకు చెప్పవలసింది కూడా ఆ పిల్లే. పిల్ల ముందు ఏ తండ్రీ నిజం చెప్పడు.