లక్కీగా దొరికిందట!

పోయిన ఆదివారం మా ఇంటికి నాలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. మాటల్లో మా గడ్డి కోసే బండి ప్రస్తావన వచ్చింది. "ఆ, బాగైపోయింది. ఏదో వైరు నలిగిందట, ఈవిడకి లక్కీగా దొరికింది" అన్నారు మా వారు, పప్పు వడ్డించుకుంటూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గిన్నెలు కడుగుతున్నప్పుడు మాత్రం ఆ 'లక్కీగా' అన్న ముక్క గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈ పోస్టు. మా వారు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

మేముండేది నార్త్ కరోలినాలో, ఊరికి కాస్త ఎడంగా. ఇల్లూ, చుట్టూ ఖాళీ స్థలం కలిపి ఎకరం పావు. మన ఊళ్ళో ఎకరం పావంటే అబ్బో అంటారు. ఇక్కడ దానర్థం, ఏప్రిల్ వచ్చిందంటే వారం వారం అంత గడ్డీ కోసుకోవాలని. చేత్తో తోసే మిషనుతో అయ్యే పని కాదని 2019లో కూర్చుని నడిపే మోవర్ కొన్నాం. బుల్లి ట్రాక్టర్‌లా ఉంటుంది. ముందు ఒకే సిలిండరు ఇంజను, పొట్ట కింద బ్లేళ్ళు, వెనక సీటు.

ఈ వేసవి మొదట్లో దానికి ఓ జబ్బు పట్టుకుంది. చక్కగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తడబడుతుంది, సైలెన్సర్లోంచి ఢప్పుమని ఓ పేలుడు, మళ్ళీ మామూలే. ఒక్కోసారి వరసగా నాలుగైదు, ఒక్కోసారి వారమంతా ఏమీ ఉండదు. మిస్‌ఫైర్ అంటారు దాన్ని. నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నా చెవికి అది యతి తప్పిన పద్యంలా వినిపించేది. ఒక లయలో పోతున్నది టక్కున ఒక గణం మింగేసి మళ్ళీ అందుకోవడం. పద్యాలు వల్లె వేసిన చెవికి అలాంటిది ఇట్టే తెలిసిపోతుంది, ఇంజను గురించి ఏమీ తెలియకపోయినా.

మా సింకు ముందు కిటికీ పెరట్లోకి ఉంటుంది. శనివారం వారు గడ్డి కోస్తుంటే నేను అక్కడే నిలబడి ఉంటాను కదా. మూడు వారాలు విన్నాక చెప్పాను, "ఏవండీ, అది వెనక వాలు దగ్గరే అలా అంటోంది" అని.

"వాలేంటి! ఇంజను వేడెక్కాక వస్తోంది. అరగంట నడిస్తే మొదలవుతుంది" అన్నారు. అంతే, నా మాట అక్కడితో సరి.

ఇక చూడండి సంబరం. మొదట స్పార్క్ ప్లగ్ మార్చారు, 5 డాలర్లు. తగ్గలేదు. ఎయిర్ ఫిల్టర్, 18. తగ్గలేదు. పెట్రోలు ఫిల్టర్, 6. ఇక్కడి పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీలుస్తుంది, నిలవ ఉంటే కార్బురేటర్ పాడవుతుంది. ఇవన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ ఏకరువు పెట్టి, 62 డాలర్లు పోసి కొత్త కార్బురేటర్ తెప్పించారు. బిగించాక రెండు వారాలు నిశ్శబ్దం. మూడో వారం వాలు దగ్గర ఢప్! షాపువాళ్ళని అడిగితే బండి తీసుకెళ్ళి తీసుకురావడానికి 120, అసలు జబ్బేంటో చూడటానికే 95 అన్నారు. ఇంకో స్నేహితుడు కొత్తది కొనెయ్యమన్నాడు. మరో ఆయన అన్న మాటకి మాత్రం నాకు ఒళ్ళు మండింది. "సీటు కింద స్విచ్ ఉంటుంది, అదే కట్ చేస్తూ ఉండొచ్చు. తీసేసి రెండు వైర్లూ కలిపెయ్ బాస్." బ్లేళ్ళు తిరుగుతుండగా మనిషి సీట్లోంచి పడితే ఇంజను ఆగడానికి పెట్టిన స్విచ్ అది! పిల్లలు ఆడుకునే పెరట్లో దాన్ని తీసెయ్యమనడం రిపేరా?

నా కోపం డబ్బు గురించి కాదు. ఆఫీసులో ఏదైనా సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఎప్పుడు ఆగింది, దానికి ముందు ఏం జరిగింది, ఇంకోసారి ఆగేలా చెయ్యగలమా అని రాత్రింబవళ్ళు ఆరా తీసే మనుషులు వీళ్ళు. ఇంటికొచ్చేసరికి ఆ బుద్ధంతా ఏ హ్యాంగర్‌కి తగిలిస్తారో తెలియదు. ఒక వస్తువు కొనడం, బిగించడం, దణ్ణం పెట్టుకోవడం. సాంబారు రుచి తేడాగా ఉంటే మనం ఉప్పూ పులుపూ కారం బెల్లం ఒకేసారి గుమ్మరించం. ఒకటి వేసి రుచి చూస్తాం. మిక్సీ ఆగిపోతే కొత్తది కొనే ముందు అడుగున ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. కుక్కర్ విజిల్ రాకపోతే మూత చుట్టూ ఆవిరి ఎక్కడ పోతోందో చూస్తాం. దీన్ని ఎవరూ తెలివి అనరు. 'అలవాటు' అంటారు.

ఒక సోమవారం వారు ఆఫీసుకి వెళ్ళాక నేనే గరాజ్ తలుపెత్తాను. మా పాప వచ్చి గుమ్మంలో నిలబడింది. తొమ్మిదో తరగతి, ఫిజిక్స్ అంటే ప్రాణం. అదేమందో తెలుసా? "అమ్మా, నువ్వెందుకు ముట్టుకుంటావు? నాన్న చూసుకుంటారుగా." ఎవరు నేర్పారు దానికి? వాళ్ళ నాన్న కాదు. నేనే. పద్నాలుగేళ్ళుగా ఫ్యూజు పోయినా, కుళాయి కారినా, కారులో ఏదో దీపం వెలిగినా "ఉండు, నాన్న రానీ" అన్నది నేనే.

మొదట ఒక చిన్న పరీక్ష చేశాను. మా వారు ఎప్పుడూ ముందు వాకిలి కోసి, పక్కలు కోసి, చివర్న పెరటి వాలుకి వస్తారు. అక్కడికి వచ్చేసరికి ఎటూ అరగంట అవుతుంది. మరి వేడెక్కాక వస్తోందా, వాలు మీద వస్తోందా? చల్లటి ఇంజనుతో, బ్లేళ్ళు ఆపేసి, తిన్నగా వాలు దగ్గరికే తీసుకెళ్ళాను. పుస్తకంలో చెప్పినట్టు పైకీ కిందికీ మాత్రమే, అడ్డంగా కాదు. రెండు నిమిషాలు కాలేదు, ఢప్! వేసవంతా వేడి, వేడి అన్నది వేడే కాదు. ఇందులో లక్కేముందో నాకు చెప్పండి.

వాలు మీద ట్యాంకులో పెట్రోలు ఓ పక్కకి జారుతుంది, అందుకే అందట్లేదేమో అని వారికొచ్చే అనుమానం నాకూ వచ్చింది. ట్యాంకు నిండా పోసి చూశాను. అదే వరస. పైగా పెట్రోలు అందక చచ్చే ఇంజను నీరసపడుతూ, ఈడుస్తూ ఆగుతుంది. ఇది దీపం స్విచ్ నొక్కినట్టు టక్కున పోయి టక్కున వస్తోంది. అంటే కరెంటు వైపే చూడాలి.

ఇక్కడ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా సులువు. ఇలాంటి బండిలో ప్లగ్‌కి నిప్పురవ్వ బ్యాటరీ ఇవ్వదు. ఇంజను మీద తిరిగే చక్రంలో అయస్కాంతాలుంటాయి, పక్కనే ఓ కాయిల్ ఉంటుంది. అయస్కాంతం దాని ముందునుంచి పోయినప్పుడల్లా రవ్వ పుడుతుంది. మరి తాళం తిప్పితే ఇంజను ఎలా ఆగుతుంది? ఆ కాయిల్ నుంచి ఒక సన్నటి వైరు వస్తుంది. తాళం తిప్పినా, సీటు స్విచ్ పని చేసినా ఆ వైరు బండి ఇనుముకి తగులుతుంది, రవ్వ పుట్టడం ఆగిపోతుంది. మన ఇంట్లో దీపానికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ వైరు తగిలితే ఆగుతుంది, తగలకపోతే నడుస్తుంది. తగలకూడనప్పుడు ఒక్క క్షణం తగిలిందనుకోండి, ఒక రవ్వ తప్పుతుంది, మండని పెట్రోలు వేడి సైలెన్సర్లోకి పోయి అక్కడ పేలుతుంది. ఆ ఢప్పు అదే.

అయితే తగులుతున్నది సీటు స్విచ్ దగ్గరా, వైరు మధ్యలోనా? బండిని చదునైన చోట పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్లేళ్ళు ఆపి, ఇంజను నడుస్తుండగా సీట్లోంచి దిగాను. బ్రేకు వేసి ఉంటే మా బండి సీటు ఖాళీగా ఉన్నా నడుస్తుంది, అంటే అప్పుడు సీటు స్విచ్‌కి పని లేదు. జుట్టు ముడేసుకుని, చున్నీ తీసేసి, వంటింట్లోంచి పొడుగాటి చెక్క గరిటె తెచ్చి, తిరిగే భాగాలకి దూరంగా ఆ వైర్లని ఒక్కొక్కచోటే మెల్లిగా కదిపాను. మూడు చోట్ల ఏమీ లేదు. నాలుగోచోట, ఇంజను మీది రేకు కిందికి వైరు దూరే దగ్గర, కదిపిన ప్రతిసారీ తడబాటు. వదిలేస్తే మామూలు. పాపని పిలిచి దానిచేతా కదిపించాను. "అమ్మా! నేను చేస్తే కూడా వస్తోంది!" అని అరిచింది.

ఇంజను ఆపి, చల్లారాక బ్యాటరీ వైరూ ప్లగ్ టోపీ ఊడదీసి, రేకు బోల్టులు విప్పాం. వైరుని పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయింది. వైరు వదులై రేకు అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని తొడుగు అరిగింది. నువ్వుగింజంత రాగి బయటికి కనిపిస్తోంది. వాలు ఎక్కేటప్పుడు ఆ కుదుపులకి అది రేకుకి తగులుతోందన్నమాట. టేపు చుట్టి, పైన చిన్న గొట్టం ముక్క తొడిగి, రేకుకి దూరంగా ప్లాస్టిక్ పట్టీతో కట్టేశాం. అయిన ఖర్చు డాలరు కూడా ఉండదు. ఏడు వారాలైంది, మళ్ళీ ఢప్పనలేదు.

"మీ ఆయన బండి, ఆయన తిప్పలు, నీకెందుకు?" అనే స్నేహితురాళ్ళకి ఓ మాట. ఉన్న పని చాలక ఇంజన్లు కూడా మన నెత్తినేనా అని మొన్న ఫోన్లో ఒకావిడ గట్టిగానే వాదించింది. ఆవిడ బాధ నాకు తెలుసు. గడ్డి కోసే పని మీరు మీదేసుకోండని నేననటం లేదు, మా ఇంట్లో ఇప్పటికీ వారే కోస్తున్నారు. కానీ చెవితో విన్నది, కంటితో చూసినది చెప్పినప్పుడు, "నీకు తెలీదులే" అంటే నోరు మూసుకుని గిన్నెల దగ్గరికి వెళ్ళిపోవడం ఉంది చూడండి, నేను పోట్లాడేది దానితో. మొదటి శనివారం నా మాట విని ఉంటే మాకు 91 డాలర్లు మిగిలేవి. నేనైనా రెండోసారి గట్టిగా అడగలేదు. అదీ రాసుకోవాల్సిందే.

ఆడవాళ్ళకీ ఇంజన్లకీ ఏమిటి సంబంధం అనే పెద్దమనుషులకి ఇంకో కథ చెబుతాను. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారు తీసుకుని, ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. కారులో అంత దూరం అప్పటిదాకా ఎవరూ పోలేదు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసిందని, రవ్వ ఇచ్చే వైరు తొడుగు అరిగిపోతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీని దానికి చుట్టిందని చెప్తారు. చూశారా, మా బండి జబ్బే! ఆవిడకి కూడా లక్కీగా దొరికిందనే అని ఉంటారు ఎవరో ఒకరు.

కొత్త కార్బురేటర్ బండికే ఉంది. పాతది, ఏ పాపమూ ఎరగనిది, గరాజ్ అరలో అట్టపెట్టెలో కూర్చుంది. పారెయ్యనా అంటే, "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు వారు, నా మొహం చూడకుండా.

నిన్న పాప బట్టల మిషను ముందు చతికిలబడి కూర్చుని ఉంది. ఏంటే అంటే, "ఈ గడగడ అన్నిసార్లూ రావట్లేదమ్మా, తువ్వాళ్ళు వేసినప్పుడే వస్తోంది. నువ్వు విన్నావా?" అంది. వినలేదు నేను. శనివారం ఇద్దరం చూద్దామన్నాను. ఆ చెక్క గరిటెకి అంటిన గ్రీజు మరక మాత్రం ఎంత తోమినా వదల్లేదు, వంటకి వేరేది కొనాలి.