ఆకలి సూచీలో ఆకలి పాలెంత?

ప్రపంచ ఆకలి సూచీ వచ్చిన ప్రతిసారీ మన దేశంలో దాన్ని ఎంసెట్ ర్యాంకులా చదువుతారు. 2020లో 107 దేశాల్లో 94, 2022లో 121లో 107, 2023లో 125లో 111, 2024లో 127లో 105. దిగితే ప్రతిపక్షం ప్రెస్‌మీట్ పెడుతుంది, ఎక్కితే అధికార పక్షం. నిజానికి జాబితాలోని దేశాల సంఖ్యే ఏటా మారుతోంది. వాడే గణాంకాలూ సవరణకు గురవుతాయి కాబట్టి ఒక ఏడాది నివేదికను మరో ఏడాది నివేదికతో పోల్చవద్దని దాన్ని తెచ్చే కన్సర్న్ వరల్డ్‌వైడ్, వెల్ట్‌హంగర్‌హిల్ఫే సంస్థలే చెబుతున్నాయి. 2023 నివేదికలో మన జనాభాలో పోషకాహారం చాలనివారు 16.6 శాతం, మరుసటి ఏడాది 13.7 శాతం. పన్నెండు నెలల్లో పళ్లేల్లో అంత మార్పు రాదు, లెక్కల్లో వస్తుంది. పోల్చదలిస్తే ఒకే నివేదిక లోపల పోల్చాలి. 2024 నివేదిక ప్రకారం 2000లో 38.4గా ఉన్న మన స్కోరు 27.3కు తగ్గింది. తగ్గితే మెరుగైనట్టు. అయినా ఇంకా 'తీవ్రం' తరగతిలోనే ఉన్నాం.

అసలు చిక్కు 'ఆకలి' అనే పేరులో ఉంది. ఈ స్కోరులో కేలరీల కొరతకు దక్కేది మూడో వంతు. ఇంకో మూడో వంతు అయిదేళ్ల లోపు పిల్లల మరణాలది. మిగిలినది వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలకు, ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలకు చెరిసగం. అంటే మూడింట రెండొంతులు ఇది పిల్లల ఆరోగ్య సూచీ. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ చెప్పే ప్రధాన అభ్యంతరమూ ఇదే: నాలుగింటిలో మూడు పిల్లలవైతే మొత్తం జనాభా ఆకలికి అవెలా కొలమానం? అభ్యంతరం సబబే. కానీ ఒప్పుకుంటే ఊరట దక్కదు. పేరు మార్చి 'శిశు పోషణ సూచీ' అంటే మన స్థానం ఇంకా ఇబ్బందికరంగా కనిపిస్తుంది. ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలు 18.7 శాతంతో 2024 నివేదికలోని దేశాలన్నిటిలో అత్యధికంగా ఉన్నది మన దగ్గరే.

ఆ అంకె విదేశీయుల కుట్ర అనేవారు దాని పుట్టుక చూడాలి. 2019–21లో మన ప్రభుత్వమే చేయించిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటా పిల్లల్ని తూచి తేల్చింది 19.3 శాతం. సూచీ వాడినది అంతకంటే తక్కువే! పోషణ్ ట్రాకర్‌లో ఇది 7.2 శాతానికి లోపే ఉందని మంత్రిత్వ శాఖ 2023లో వాదించింది. అయితే ట్రాకర్ అంగన్‌వాడీల్లో నమోదైన పిల్లల లెక్క. అక్కడికి రాని బిడ్డ అందులో కనిపించదు. పైగా కేంద్రాన్ని నడిపేవారే తూకమూ వేసి నమోదూ చేయాలి.

ఇక మన పిల్లలు పుట్టుకతోనే చిన్నగా ఉంటారు, పాశ్చాత్య కొలతలు మనకు నప్పవు అన్నది మరో వాదన. అరవింద్ పనగరియా వంటి ఆర్థికవేత్తలు ఎత్తు విషయంలో దీన్ని గట్టిగానే వినిపించారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలకు కొలిచిన పిల్లలు బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన దక్షిణ ఢిల్లీ వారు కూడా. బాగా సాగిన ఇళ్లలో మన పిల్లలూ మిగతావారిలాగే ఎదిగారు.

మరి సుమారు 80 కోట్ల మందికి ఉచితంగా బియ్యమో గోధుమలో ఇస్తున్న దేశంలో ఇదెలా? బియ్యంతో తీరేది ఒక రకం లోటే. ఆ అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత. ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందినది 11.3 శాతానికే. తల్లి రక్తం పలచబడితే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. అన్నప్రాశన తర్వాతా గిన్నెలో పప్పూ గుడ్డూ పడకపోతే, తాగే నీళ్లతో విరేచనాలు పట్టుకుంటే ఆ బరువు కోలుకోదు. తెలంగాణ సంగతే చూడండి. తలసరి ఆదాయంలో ముందున్న ఈ రాష్ట్రంలో 2015–16కూ 2019–21కీ మధ్య ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలు 18.1 నుంచి 21.7 శాతానికి, వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 28 నుంచి 33.1 శాతానికి పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండో అంకె 31 దగ్గరే నిలిచిపోయింది. ఇవి ఏ విదేశీ సంస్థా ఇచ్చిన ర్యాంకులు కావు. వీటిపై మాత్రం ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టడం లేదు.