రాతకు వెల కట్టని జాతి

అమెజాన్ కిండిల్‌లో సొంతంగా పుస్తకం వేసుకోవాలంటే కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్ (కేడీపీ)లో ఖాతా తెరవాలి. ఖాతా తెరిచి పుస్తకం వివరాలు నింపబోతే అది అడిగే మొదటి ప్రశ్న: మీ పుస్తకం ఏ భాషలో ఉంది? జాబితా తెరిస్తే గుజరాతీ ఉంది. హిందీ, మరాఠీ, మలయాళం, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు. ఐరిష్ సముద్రంలో ఒక చిన్న దీవి భాష మాంక్స్ ఉంది. దాన్ని ఉగ్గుపాలతో నేర్చిన చివరి మనిషి 1974లో కన్నుమూశాడు. ఆ తరువాతివాళ్లు పట్టుబట్టి దాన్ని మళ్లీ బతికించుకున్నారు. ఇంగ్లండు కొసన ఎప్పుడో మూగబోయి మళ్లీ లేచిన కార్నిష్ ఉంది. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మా మాతృభాష అని రాయించుకున్న తెలుగు మాత్రం లేదు.

2016 డిసెంబరులో కిండిల్ అయిదు భారతీయ భాషలకు తలుపు తీసింది. నాటినుంచి నేటివరకు మనం గుమ్మం బయటే ఉన్నాం. గత్యంతరం లేక మనవాళ్లు పుస్తకం భాష ఇంగ్లిష్ అని పెట్టి, తెలుగు పేజీలను బొమ్మలుగా మార్చి ఎక్కిస్తున్నారు. చూపు ఆనని పెద్దవాళ్లు అక్షరం పెద్దది చేసుకోలేరు. ఒక మాట వెతుకుదామంటే దొరకదు. భాష తప్పు రాశారని ఒకరోజు పుస్తకం తీసేస్తే అడిగే హక్కు కూడా ఉండదు. తన భాష పేరు దాచిపెట్టి తన పుస్తకం తానే అమ్ముకోవలసి రావడం ఏ రచయితకైనా అవమానం.

సింగపూర్‌లో ఉన్న మనకు ఈ అవమానం ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. తమిళం ఇక్కడ నాలుగు అధికార భాషల్లో ఒకటి. తమిళ్ మురసు పత్రిక 1935 నుంచి వస్తోంది. సింగపూర్ సాహిత్య బహుమతి చైనీస్, ఇంగ్లిష్, మలయ్, తమిళ రచనలకే. బళ్లలో తమిళం కాకుండా మరో అయిదు భారతీయ భాషలను మాతృభాషగా చదువుకునే వీలుంది: బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ. అందులోనూ తెలుగు లేదు. తమిళ సోదరుల మీద మాకు ఈర్ష్య లేదు. వాళ్లు సంపాదించుకున్నారు. సింగపూర్ తెలుగు సమాజం పుట్టింది 1975లో. యాభై ఏళ్లు దాటిన ఈ కాలంలో మనం ఏం సంపాదించుకున్నామన్నదే మా ప్రశ్న.

వ్యాపార సంస్థకు భాషాసేవతో పనేమిటి, లాభం లేనిచోట అది ఎందుకు పెట్టుబడి పెడుతుంది అని కొందరంటారు. మంచిది, లాభం సంగతే మాట్లాడుకుందాం. 2011 లెక్కల్లో మలయాళం మాట్లాడేవారు దాదాపు మూడున్నర కోట్లు. గుజరాతీలు అయిదున్నర కోట్లు. జనం లెక్కన మనమే ఎక్కువ. లిపి చిక్కంటారా, చేతిలో ఉన్న ప్రతి ఫోనూ తెలుగు చూపిస్తోంది. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు అమ్ముడవుతున్నాయి. ప్రకటనల కోసం గూగుల్ యాడ్‌సెన్స్ హిందీని 2014లో తీసుకుంది, తెలుగును 2018లో తీసుకుంది. ఎవరో మహజరు ఇచ్చారని తీసుకోలేదు. తెలుగులో చూసే కళ్లు అప్పటికి దాని లెక్కకు అందాయి. చూసే తెలుగువాడు లెక్కకు అందాడు. కొని చదివే తెలుగువాడు ఇంకా అందలేదు. ఈ ఆలస్యానికి కిండిల్ ఒక్కదాన్నే తప్పుపట్టి ఊరుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

తెలుగువాడు చదవడానికి డబ్బు పెట్టిన కాలం ఒకప్పుడు ఉండేది. వారపత్రికలు వెలిగిన రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి సీరియల్ కోసం, యండమూరి వీరేంద్రనాథ్ సీరియల్ కోసం జనం పత్రిక కొన్నారు. పత్రిక రచయితకు పారితోషికం పంపింది. నవల పుస్తకమైతే మళ్లీ కొన్నారు. అద్దె లైబ్రరీలో రోజుకింతని కట్టి చదివినవాళ్లు ఎందరో. ఆ పత్రికల్లో ఎక్కువభాగం ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటి తరువాత వచ్చిన అంతర్జాల పత్రికలు చాలావరకు ప్రేమ కొద్దీ నడిచినవి. 1998లో మొదలైన ఈమాట ప్రవాసంలో ఉన్నవాళ్లు తమ సాయంత్రాలు ఖర్చుపెట్టి నిలబెట్టిన పత్రిక. ఇలాంటి పత్రికలకు తెలుగు సాహిత్యం రుణపడి ఉంది. కానీ పాతికేళ్లపాటు మంచి తెలుగు రచన అంతా ఊరికే దొరికేసరికి, ఊరికే దొరకడమే దాని లక్షణమని పాఠకుడు నమ్మేశాడు. సంపాదకుల త్యాగాన్ని పాఠకుడు తన హక్కుగా మార్చుకున్నాడు.

ఇప్పుడు కొత్త పుస్తకం హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో అడుగుపెట్టీ పెట్టకముందే దాని పీడీఎఫ్ వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంది. "ఎవరి దగ్గరైనా ఉందా అండీ" అని అడిగేవారు, "ఇదుగోనండీ" అని పంపేవారు, కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవారు. అందరూ చదువుకున్నవాళ్లే. పుస్తకం ధర ఇక్కడి ఫుడ్‌కోర్టులో ఒక పూట భోజనానికి మించదు. సింగపూర్‌లో 2021 నవంబరు నుంచి అమలవుతున్న కొత్త కాపీరైట్ చట్టం రచయిత పేరు చెప్పించుకునే హక్కును కూడా అతనికి ఇచ్చింది. రచయిత పోయాక 70 ఏళ్ల వరకూ అతని రచన మీద హక్కు నిలుస్తుంది. భారతదేశంలో 60 ఏళ్లు. రెండు దేశాల చట్టాలూ కాపాడుతున్న ఆస్తిని మన చేతులతో మనమే పంచిపెడుతున్నాం. సినిమా పాటల రాత్రికి టికెట్ కొనేటప్పుడు ఊరికే రానివ్వమని ఎవరూ అడగరు. పాట పాడినవారికి విమానం, హోటలు, పారితోషికం. కవితకు ఒక శాలువా, ఒక జ్ఞాపిక, మూడు నిమిషాల సమయం. ఇది సాహిత్యాభిమానం కాదు. రచయిత శ్రమను దోచుకోవడం. ఈ మాట గట్టిగానే అంటున్నాం.

ఇలాంటి నేల మీద నిలబడి రచయిత తన రాతకు అంతర్జాల వేదిక ఎంచుకోవాలి. అందుకే ఎక్కడ ఎక్కువమంది చదువుతారు అన్న ఒక్క ప్రశ్నతో ఎంచుకోవద్దంటున్నాం. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి తెలుగును తొలి ఏళ్లలోనే ఆదరించింది. వేలమంది స్త్రీలు అక్కడ రచయితలయ్యారు. చందా కట్టి, నాణేలు కొని తెలుగు కథ చదివే అలవాటును ఈ తరంలో మళ్లీ నాటింది అదే. ఆ గౌరవం దానికి ఇవ్వాలి. అయితే అక్కడ నిలబడాలంటే నవలను చిన్న చిన్న భాగాలుగా కోసి, ఆపకుండా రోజూ అందించాలి. ప్రతి భాగమూ ఉత్కంఠ మీద ముగియాలి. ఆరు నెలలకు ఒక కథ రాసేవారికి అక్కడ బతుకు లేదు. పైగా చదివేవారు ఎవరో, వారిని మళ్లీ ఎలా పలకరించాలో రచయితకు తెలియదు. ఆ చిరునామా వేదిక దగ్గరే ఉంటుంది.

రచనలను ఈమెయిల్‌లో చందాదారులకు పంపే సబ్‌స్టాక్ దీనికి తలకిందులు. పాఠకుల ఈమెయిల్ జాబితా రచయితదే, వదిలి వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు. చందాలో 10 శాతం అది ఉంచుకుంటుంది, కార్డు రుసుము వేరు. డబ్బు వసూలుకు స్ట్రైప్ ఖాతా కావాలి. భారతదేశంలో కొత్తవారికి అది సులభంగా దొరకదు, సింగపూర్‌లో దొరుకుతుంది. హైదరాబాద్ రచయితకు లేని ఒక వసతి ఇక్కడి రచయితకు ఉందన్నమాట. కానీ పాఠకులు ఎక్కువగా అక్కడ ఉన్నారు. 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల తరువాత భారతీయ కార్డుల మీద విదేశీ సంస్థలకు నెలనెలా చందా దానంతటదే వెళ్లడం కష్టమైంది. 2023 ఫిబ్రవరి 21న యూపీఐని, ఇక్కడి పేనౌను కలిపారు. అది మొదలైంది మనిషి నుంచి మనిషికి డబ్బు పంపుకోవడానికే. అయినా వరంగల్ బ్యాంకు ఖాతాకూ ఉడ్‌ల్యాండ్స్ ఖాతాకూ మధ్య దారి పడింది. ఈ దారిని పుస్తకాల చందాకు వాడుకునేలా చేయమని అడగవలసింది మనమే.

యూట్యూబ్‌లో కథలు చదివి వినిపించేవారు మరో సంగతి తెలుసుకోవాలి. అక్కడ ప్రకటనల ఆదాయంలో వాటా మొదలు కావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణ ఉండాలి. అమెరికాలో ఉన్న తెలుగువారు విన్నందుకు వచ్చే భాగం మీద 2021 జూన్ నుంచి అక్కడి పన్ను ముందే కోస్తున్నారు. భారతదేశంలో ఉన్నవారికి ఒప్పందం వల్ల అది 15 శాతం. సింగపూర్‌కు అమెరికాతో అలాంటి ఆదాయపు పన్ను ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడివారికి 30 శాతం. ఒకే కథ, ఒకే శ్రోత, ఊరు మారితే కోత రెండింతలు.

వీటన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఇక్కడ ఉండడానికి మీకిచ్చిన పాస్. ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఒక యజమాని దగ్గర ఒక ఉద్యోగానికి ఇచ్చే అనుమతి. డిపెండెంట్ పాస్ మీద వచ్చినవారు పనిచేయాలంటే 2021 మే 1 నుంచి సొంతంగా పని అనుమతి తెచ్చుకోవాలి. ఇక్కడ తెలుగులో రాసే గృహిణులు చాలామంది ఆ పాస్ మీదే ఉన్నారు. రాత మీద వచ్చే నాలుగు డాలర్లు దేని కిందికి వస్తాయో మానవ వనరుల శాఖను రాతపూర్వకంగా అడిగి, జవాబు దగ్గర పెట్టుకోండి. మన సంఘాలు ఇలాంటి విషయాల మీద ఒక న్యాయవాదిని పిలిచి ఒక ఆదివారం కూర్చోబెడితే, అది పది సన్మానాల పెట్టు.

మా అభిప్రాయం ఇది. హక్కులు రాసిచ్చేయమనే వేదిక ఎంత డబ్బు చూపినా వద్దు. పాఠకుల చిరునామాలు మీ చేతికి వచ్చే చోటు ఒకటి, చిన్నదైనా, తప్పకుండా ఉంచుకోండి. మిగతావి దానికి దారులుగా వాడుకోండి. మొత్తం పుస్తకాన్ని ఉచితంగా పెట్టకండి. ఒక కథ చదివించండి, రెండోదానికి వెల చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడకండి.

సంఘాలకు చెప్పవలసింది ఇంకా ఉంది. తెలుగునేలకు దూరాన, బొంబాయిలో, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను మొదలుపెట్టారు. దాని వెనక ఉన్నది అమృతాంజనం అమ్మిన డబ్బు. 1924లో భారతి వచ్చిందీ ఆ బలంతోనే. పరాయి ఊళ్లో వ్యాపారం చేసుకునే తెలుగువాడు తన సంపాదనలో రాతకు వాటా ఇవ్వాలని ఆయన చేసి చూపించారు. 2016లో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు సింగపూర్‌లో జరిగింది. సభ నడపడం మనకు వచ్చు, చందాలు పోగుచేయడం వచ్చు. పోగైన దానిలో రచయిత పేరున ఒక పద్దు రాయడం ఇంకా రాలేదు.

వచ్చే ఉగాదికి సన్మానపత్రాలు అచ్చు వేయించే ముందు ప్రతి సంఘమూ ఒక తీర్మానం చేయాలి: వేదిక మీదికి పిలిచిన ప్రతి రచయిత పుస్తకాలు కనీసం యాభై పూర్తి ధరకు కొంటాం, చదివిన రచనకు పారితోషికం ఇస్తాం, మా వాట్సాప్ గుంపుల్లో దొంగ పీడీఎఫ్ పెట్టినవారిని తొలగిస్తాం. ఈ మూడూ చేశాక కిండిల్‌కు ఉత్తరం రాద్దాం. కొని చదివేవాళ్లమని లెక్కతో చెప్పగలిగిన రోజున ఆ జాబితాలో తెలుగు కోసం మనం అర్థించనక్కర్లేదు, నిలదీసి అడగవచ్చు.