ఖడ్గముపై హోమశబ్దము

జపాను ఖడ్గముల అలుగులపై నిడుపుగా చెక్కిన గాడులను చూచి, అవి నెత్తురు జారుటకు ఏర్పరచిన కాలువలని చెప్పువారు నేటికిని కలరు. ఈ మాట నిరాధారము. గాడి చెక్కుటచే కత్తి బరువు తగ్గును. వంగకుండ నిలుచు బిగువు మాత్రము అంతగా తగ్గదు. కమ్మరి దృష్టిలో ప్రయోజనమిది. సంస్కృతాధ్యేతకు వానియందు వేరొక ప్రయోజనము కలదని నా మనవి.

జపాను భాషలో ఇట్టి గాడికి 'హి' అని పేరు. వెడల్పైన ఒంటి గాడి 'బోహి'. పిడికి చేరువగా, ప్రక్కప్రక్కనే చెక్కు రెండు పొట్టి గాడులు 'గోమబషి'. ఇందలి 'గోమ' మన హోమశబ్దమే. చీనాలిపి మూలమున జపాను చేరి ఈ రూపము దాల్చినది. 'హషి' యనగా పుల్లల జంట; సమాసమున 'బషి' యైనది. షింగోన్ శాఖవారు హోమద్రవ్యములను అగ్నిలో నుంచుటకు వాడు పుల్లలకు ఆ గాడులు సంకేతములు. ఆ హోమములందు విశేషముగా ఆరాధింపబడు అచలుని బీజాక్షరమగు 'హాం' సిద్ధలిపిలో కొన్ని అలుగులపై చెక్కబడియున్నది. జపానీయులు దానిని 'కాన్' అని పలుకుదురు. ఒకచోట గకారముగను, మరియొకచోట కకారముగను వినబడు ఈ హకారము భాషాశాస్త్రపాఠమునకు చక్కని ఉదాహరణము.

"కత్తులతో పండితునకేమి పని?" అని కొందరనవచ్చును. పని కత్తితో కాదు, అక్షరముతో. కూకై ఆచార్యుడు 806లో చీనా నుండి మరలినది మొదలు ఈ మంత్రలిపిని జపానీయులు శ్రద్ధతో కాపాడిరి. దాని చరిత్రపై డచ్చి పండితుడగు వాన్ గూలిక్ రచించిన గ్రంథము 1956లో మన నాగపురముననే వెలువడినది. అయినను మన ప్రాచ్యకళాశాలలలో సిద్ధలిపిని చదువగలవారు అరుదు. పాఠశాలలో శ్రుతపరంపరచే చదువుకొన్న నాకును ఈ లోపము చిరకాలము తెలియలేదని ఒప్పుకొనుటకు సంకోచింపను.

ఇంతమాత్రముచే జపాను ఖడ్గవిద్య మనదేయని చాటుకొనుట తగదు. ఉక్కు వారిది, నేర్పు వారిది. అందలి కొన్ని అక్షరములు, ఒక శబ్దము మాత్రము మన శాస్త్రమునకు చెందినవి. ఉపేక్ష యెంత దోషమో, అతిశయోక్తి యంత దోషము. తరతరములుగా సానబెట్టుటచే అలుగులపై చెక్కడములు లోతు తగ్గి మాసిపోవుచుండును. కావున బ్రాహ్మీలిపి పరిణామమును బోధించు తరగతులలో సిద్ధలిపికి కొన్ని వారములైనను కేటాయింపవలయును. అక్షరము చెరగిపోకముందే దానిని చదువగలవారిని తయారుచేయుట అధ్యాపకుల ధర్మము.