ముందుగదిలో బల్ల వేయండి

ఇంట్లో ఆఫీసు ఎలా పెట్టుకోవాలో చెప్పే వ్యాసాలన్నీ ఒకే పాట పాడతాయి. మెట్ల కింద ఖాళీ ఉందా, ఓ బల్ల వేసేయండి. బీరువా పక్కన మూడడుగులుందా, చాలు. బాల్కనీ చివర మూల దొరికిందా, మీ అంత అదృష్టవంతులు లేరు. అంటే ఇంట్లో అందరికీ, అన్నిటికీ పంచగా మిగిలిన చోటు పనికి ఇవ్వాలన్నమాట. నాకీ సలహా గిట్టదు. నెల తిరిగేసరికి ఇంటికి బియ్యం తెచ్చే పనికి చెప్పుల స్టాండు పక్కనా చోటు?

పోర్టుబ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉన్న మా మేనకోడలి ఇల్లు చూశాక ఈ మాట ఇంకాస్త గట్టిగా అనాలనిపిస్తోంది. (ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. మనవాళ్ల నోట మాత్రం ఇంకా పోర్టుబ్లెయిరే.) 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 3.80 లక్షల మంది ఉంటే, అందులో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. వేటకని, కూలికని ఓడెక్కి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు. జంగ్లీఘాట్ సందుల్లో నడుస్తుంటే సోంపేట సంతలో ఉన్నామేమో అనిపిస్తుంది, ఆ యాస అలా వినిపిస్తుంది.

మా అమ్మాయిది రెండు గదులు, ఓ వంటిల్లు, పైన రేకులు. విశాఖలో ఒక ఆడిటరు దగ్గర జీఎస్టీ రిటర్నులు వేసే పని ఆమెది. పెళ్లయి ఇక్కడికొచ్చాక అదే పని ఇంటి నుంచి చేస్తోంది. మొదట్లో ఆఫీసంటే మంచమే. దిండు మీద ల్యాప్‌టాప్, చుట్టూ కాగితాలు. దిండు గాలి రంధ్రాలను మూసేస్తే యంత్రం కొలిమిలా కాగేది, మెడ పట్టేసేది, పిల్లాడు నిద్రపోయే వేళకు ఆఫీసు మూసేయాల్సి వచ్చేది. తర్వాత వంటింటి గట్టు చివరికి మారింది. పోపు పడ్డప్పుడల్లా తెర తుడుచుకోవాలి.

అసలు ఇలా సముద్రం మధ్య కూర్చుని విశాఖ లెక్కలు చూడటం మొన్నమొన్నటిదాకా కుదిరే పని కాదు. 2020 ఆగస్టు వరకు ఈ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగానే వచ్చేది. మాట 36 వేల కిలోమీటర్లు పైకెక్కి, మళ్లీ అంత దూరమూ దిగి రావాలి. ఇవతల అడిగిన ప్రశ్నకు అవతలి జవాబు అరసెకను వెనకబడి వినిపించేది. ఆ ఉన్న కాస్త దారిలోనే దీవులన్నీ సర్దుకోవాలి. దేశమంతా ఇళ్లలో కూర్చుని పని మొదలుపెట్టిన 2020 మార్చిలో కూడా ఇక్కడ ఇదే పరిస్థితి. ఆ ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు. పోర్టుబ్లెయిర్‌తో పాటు హేవ్‌లాక్, రంగత్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు చేరింది.

సర్కారు అంత ఖర్చు పెట్టి సముద్రం దాటించి తీగను తీరానికి తెచ్చింది. తీరం నుంచి ఇంట్లోకి, అక్కడి నుంచి మా అమ్మాయి దిండు మీదకీ వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆ ఆఖరి నాలుగడుగులు మాత్రం ఇంట్లోవాళ్లే వేయాలి.

జాగా వెతికే ముందు ఈ దీవుల్లో మూడు సంగతులు చూసుకోవాలి. మెయిన్‌ల్యాండ్ పత్రికల్లో ఇవి కనపడవు. మొదటిది వాన. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాల వానలూ ఇక్కడ పడతాయి, ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు. రేకుల మీద ఆ వాన మొదలైందంటే పక్కనున్న మనిషి మాటే వినిపించదు, ఇక ఫోనులో మాట సరేసరి. "వాన పడితే నేను మ్యూట్‌లో ఉన్నానని వాళ్లనుకుంటారు మామయ్యా, వాళ్లు మ్యూట్‌లో ఉన్నారని నేననుకుంటాను" అంటుంది మా అమ్మాయి. రేకు కింద కాస్త ఎడం వదిలి ప్లైవుడ్ సీలింగు కొట్టిస్తే హోరు కొంత తగ్గుతుంది. అంత స్తోమత లేకపోతే నోటి దగ్గర మైకు ఉండే హెడ్‌ఫోన్ ఒకటి కొనుక్కోవాలి. ల్యాప్‌టాప్‌లో ఉండే మైకు గదంతా వింటుంది, అందులో వాన కూడా ఉంటుంది.

రెండోది తేమ, ఉప్పుగాలి. ప్లగ్గుల ఇత్తడికి చిలుము పడుతుంది, కాగితాలకు బూజు పడుతుంది. బయటి గోడకు ఆనించి బల్ల వేయకూడదు, జానెడు ఎడం ఉండాలి. ఫైళ్లు ఇనప బీరువాలో పెట్టి లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచడం పాత ఫొటోగ్రాఫర్లు లెన్సుల కోసం చేసిన పని. ఇప్పటికీ అంతకన్నా చవకైన ఉపాయం లేదు. కరెంటు సంగతి వేరే చెప్పాలా? ఈ దీవులకు దేశపు గ్రిడ్‌తో సంబంధం లేదు. కరెంటు ఎక్కువభాగం ఇక్కడికిక్కడే డీజిల్ కాల్చి తీయాల్సిందే. కరెంటు పోయే వేళలకు, రౌటరుకు మాత్రమే సరిపోయే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తుంది, ఆగిపోయేది రౌటరే. నెల 20న రిటర్ను గడువు ముగుస్తుంటే ఆ యూపీఎస్ డబ్బా విలువ తెలుస్తుంది.

మూడోది సూర్యుడు. దేశమంతటి గడియారం అలహాబాదు దగ్గరిది, ఇక్కడి సూర్యుడు అండమాన్‌వాడు. ఇద్దరికీ నలభై నిమిషాల తేడా. నవంబరులో సాయంత్రం ఐదు దాటేసరికి చీకటి పడుతుంది. విశాఖ ఆఫీసు ఏడింటిదాకా నడుస్తుంది. అంటే రోజూ రెండు గంటలు దీపం కింద పని. కిటికీ పక్కకు ఉండేలా కూర్చుంటే పగలు కళ్లకు హాయి. కిటికీ వీపు వెనక ఉంటే వీడియోలో మొహం నల్లటి నీడ. సాయంత్రానికి మంచి టేబుల్ ల్యాంపు తప్పనిసరి.

ఈ మూడూ కలిపి చూస్తే ఆ ఇంట్లో పనికొచ్చే చోటు ఒక్కటే తేలింది: ముందుగదిలో తూర్పు కిటికీ పక్క. అక్కడ సోఫా ఉంది. నెలకు నలుగురు చుట్టాలు కూర్చునే సోఫా. దాన్ని కదపాలనేసరికి అత్తగారు అడ్డం పడ్డారు. "ఇంటికొచ్చినోళ్లు ఎక్కడ కూకుంటారమ్మా?" అని. ఆవిడ తప్పేమీ లేదు. మన ఇళ్లలో మంచి గది వచ్చేపోయేవాళ్లది, వెలుతురు కూడా వాళ్లదే.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. ఆవిడ పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్న నూలు వడికి, ఖద్దరు నేసే ఊరు. నేతగాడి ఇంట్లోకి వెళ్లండి. ముందు మగ్గం కనపడుతుంది. నేల తవ్వి గుంట తీసి, వెలుతురు పడే చోట దాన్ని దింపుతారు. మంచం, పొయ్యి, చుట్టాలు తర్వాత సర్దుకుంటారు. మగ్గాన్ని మెట్ల కింద పెట్టుకోమని ఆ ఇంట్లో ఎవరూ సలహా ఇవ్వరు. నేతగాడి మగ్గానికి ఇచ్చిన చోటు ఇంటి కోడలి ల్యాప్‌టాప్‌కి ఇవ్వడానికి మనకెందుకు చేతులు రావు? ఆ సంపాదన మనకింకా పక్కపనిలా కనిపిస్తోంది కనుక. నా లెక్కలో అసలు కారణం ఇదే, జాగా లేకపోవడం కాదు.

చివరికి మా మాట నెగ్గింది. సోఫా లోపలి గదికి పోయింది. బల్ల కొనలేదు. ఇల్లు బాగుచేసినప్పుడు ఊడదీసిన పాత తలుపు రెక్క ఒకటి వసారాలో పడి ఉంది. అండమాన్ పడౌక్, ఎర్రటి చేవ, చెద ముట్టని కర్ర. వడ్రంగి దాన్ని రెండు కర్ర స్టాండ్ల మీద పరిచి, నేల నుంచి 29 అంగుళాల ఎత్తుకు సరిచేశాడు. గడియ చిల్లు అలాగే ఉంచమంది మా అమ్మాయి. ఛార్జరు వైరు ఇప్పుడు అందులోంచి కిందికి దిగుతుంది. చుట్టాలొస్తే ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు, వాళ్లేమీ నొచ్చుకోవడం లేదు.

ఈ నెల సోఫా సెట్టు కొందామనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. ఆ డబ్బుతో వీపుకు ఆనే కుర్చీ, ఓ దీపం, మైకున్న హెడ్‌ఫోన్, రౌటరు యూపీఎస్ అన్నీ వస్తాయి. బల్లకైతే అటక మీద పాత తలుపు ఉందేమో చూడండి.