వరుసలో మీ నంబరెంత?

సరుకు లేనప్పుడు పేరు రాసుకోవడం తేలిక. రాసుకున్న పేరుకు విలువ ఇవ్వడంలోనే ఆన్‌లైన్ దుకాణం నిజాయితీ తేలుతుంది

మా నాన్న ఇనప్పెట్టెలో ఓ పాత రసీదు ఉంది. టెలిఫోన్ కనెక్షన్‌కు కట్టిన డిపాజిట్ తాలూకుది. కాగితం పసుపుబారింది, సిరా వెలిసింది. మూలన చేత్తో రాసిన వరుస సంఖ్య మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. నేను పుట్టకముందు దరఖాస్తు చేస్తే, నాకు అక్షరాలు వచ్చాక ఇంట్లో ఫోన్ మోగింది. ఆ మధ్య ఏళ్లన్నిటా ఆయన ఆర్నెల్లకోసారి వెళ్లి, జాబితా ఏ నంబరు దాకా వచ్చిందో కనుక్కుని వచ్చేవారు.

మొన్న దసరాకు ముందు అమ్మ కోసం ఓ ఆన్‌లైన్ దుకాణంలో ఇక్కత్ చీర చూశాను. స్టాక్ లేదనీ, ఫోన్ నంబరు ఇస్తే రాగానే కబురు చేస్తామనీ ఉంది. ఇచ్చాను. చీర కబురు రాలేదు. దుప్పట్లు, కుర్తీలు, పండగ తగ్గింపుల కబుర్లు మాత్రం రోజూ వచ్చాయి. మూడు వారాలయ్యాక మా పెద్దమ్మ కూతురు అదే చీర కట్టుకున్న ఫొటో పంపింది. కొన్నది అదే దుకాణంలో. తనేమీ పేరు రాయించుకోలేదు. ఓ మధ్యాహ్నం పేజీ తెరిస్తే చీర కనిపించింది, కొనేసింది.

ఇది చెబితే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకీ నీ నంబరెంత?"

నంబరేమీ లేదన్నాను. "మరి అది వరుసెలా అవుతుంది?" అన్నారాయన.

రాజనీతిశాస్త్రం చదువుకున్నవాళ్లు చాలా పుస్తకాలు తిరగేసి తెలుసుకునే విషయం ఆ ప్రశ్నలో ఉంది. కొరత ఉన్నచోట జాబితా పుడుతుంది. జాబితా ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిది. ఆ అధికారాన్ని కాస్తయినా అదుపు చేసేది వరుస సంఖ్య ఒక్కటే.

జాబితాల విషయంలో మన దేశానికి ఉన్న అనుభవం తక్కువేమీ కాదు. 1994 నాటి జాతీయ టెలికాం విధానం వచ్చేటప్పటికి దేశంలో ఉన్న ఫోన్ లైన్లు దాదాపు 80 లక్షలు, ఎదురుచూస్తున్నవారు 25 లక్షల మంది. బజాజ్ స్కూటర్ కోసం ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చేది. విదేశాల్లో ఉన్న బంధువు డాలర్లు పంపగలిగితే మాత్రం బండి త్వరగా దొరికేది. మారుతి 800కు జనం ముందుగానే 10,000 రూపాయలు కట్టి ఎదురుచూశారు. మొదటి కారు ఎవరిదో లాటరీ తేల్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ దాని తాళాలను ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్ చేతిలో పెట్టారు. సరళీకరణ వచ్చాక కూడా లాటరీ పూర్తిగా పోలేదు. 2009 ఏప్రిల్‌లో టాటా నానో కోసం రెండు లక్షలకు పైగా బుకింగ్‌లు వస్తే, తొలి లక్ష మందిని కంప్యూటర్ డ్రా ద్వారా ఎంపిక చేశారు.

ఆ రోజుల్లో పక్షపాతం లేదని కాదు. సిఫార్సు ఉత్తరాలున్నాయి, కోటాలున్నాయి, బల్ల కింద చేతులున్నాయి. అయినా సామాన్యుడి చేతిలో ఓ రసీదు ఉండేది. తన వెనక వచ్చినవాడు ముందుకెళ్లాడని నిలదీయడానికి అది ఆధారం.

ఇప్పుడు కొరత మరో రూపంలో తిరిగొచ్చింది. 2004లో గూగుల్ తన జీమెయిల్‌ను ఆహ్వానం ఉన్నవారికే ఇచ్చింది. దొరకనిదానికి ఉండే గిరాకీ ఏమిటో ఇంటర్నెట్ వ్యాపారులకు అప్పుడే అర్థమైంది. 2014లో షావోమి ఫోన్లు కొనాలంటే ఫ్లిప్‌కార్ట్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. అయినా అమ్మకం మొదలైన కొన్ని సెకన్లలోనే సరుకు అయిపోయేది. అదే ఏడాది డిసెంబరులో వన్‌ప్లస్ ఫోన్ అమెజాన్ ద్వారా ఆహ్వానం ఉన్నవారికే అమ్మారు. 2016 ఫిబ్రవరిలో ఓ కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అన్నది. వెబ్‌సైట్ కుప్పకూలింది. ఏడు కోట్ల మంది నమోదయ్యారని కంపెనీ చెప్పుకుంది. వారిలో అత్యధికులు ఆ ఫోన్ మొహం చూడలేదు. 2021 జులైలో ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్‌కు 499 రూపాయల రిజర్వేషన్ తెరిస్తే 24 గంటల్లో లక్ష మంది కట్టారని సంస్థ ప్రకటించింది.

వీటిలో కొన్నిచోట్ల కొరత నిజం, కొన్నిచోట్ల ప్రచారం. ఏది ఏదో బయటివాడికి తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

వెయిటింగ్ లిస్టు దానికదిగా చెడ్డది కాదు. చిన్న దుకాణాలకు అది ప్రాణాధారం. పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకోండి. నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్టి, రంగుల్లో ముంచి, ఆరబెట్టాలి. ఒక పడుగు మీద కొన్ని చీరలే వస్తాయి. ఇవాళ డిమాండ్ పెరిగిందని రేపటికి మగ్గం రెట్టింపు నేయదు. ఆవకాయ సంగతీ అంతే. పచ్చడికాయ వేసవిలోనే వస్తుంది. ఆ నాలుగు వారాల్లో పెట్టిన జాడీలే ఏడాదంతా అమ్మాలి. డాలస్‌లో ఉన్న కొడుకు అక్టోబరులో అడిగితే కొత్త కాయ ఎక్కడినుంచి తెస్తారు? ఇలాంటి సరుకుకు జాబితా ఉంటే ఏ రంగు ఎందరికి కావాలో మగ్గం ఎక్కించకముందే తెలుస్తుంది. కారం ఎన్ని కిలోలు ఆడించాలో అంచనా వస్తుంది. అమ్ముడుపోని సరుకులో డబ్బు ఇరుక్కోదు.

అయితే జాబితా పెట్టడం అంటే పేజీ కింద ఓ గడి పెట్టి ఫోన్ నంబర్లు పోగేయడం కాదు. మొదట తేల్చుకోవాల్సింది డబ్బు సంగతి. పైసా తీసుకున్నా అది వెయిటింగ్ లిస్టు కాదు, ముందస్తు ఆర్డరు. సరుకు ఎప్పుడిస్తారో, ఇవ్వకపోతే డబ్బు ఎన్నాళ్లలో వాపసు చేస్తారో రాసి తీరాలి. డబ్బు తీసుకోకపోతే, పేరు రాసుకున్నంత మాత్రాన సరుకు ఖాయం కాదన్న మాటా అంతే స్పష్టంగా చెప్పాలి.

రెండోది నమోదు. ఏ రంగు, ఏ కొలత కావాలో అడగకపోతే ఆ జాబితా వ్యాపారికీ ఉపయోగపడదు. ఫోన్‌కు ఓటీపీ పంపి సరిచూసుకుంటే ఒకరే పది పేర్లతో చేరే దళారీ బెడద తగ్గుతుంది. చేరినవారికి వెంటనే ఓ నంబరు ఇవ్వాలి.

మూడోది, చాలామంది తప్పటడుగు వేసేది సరుకు వచ్చిన రోజున. ఇరవై చీరలొచ్చాయి, జాబితాలో మూడొందల మంది ఉన్నారనుకుందాం. అందరికీ ఒకేసారి సందేశం పంపితే అది వరుస కాదు, పరుగుపందెం. మూడు నెలల క్రితం చేరినవాడు బస్సులో ఉంటాడు, నిన్న చేరినవాడు ఫోన్ చేతిలో పట్టుకుని ఉంటాడు. చీర రెండోవాడిదే. ఆ ఇరవై చీరలనూ మామూలు పేజీలో పెట్టేస్తే జాబితాలో లేనివాళ్లే ముందు కొనేస్తారు. నాకు జరిగింది బహుశా అదే. సరైన పద్ధతి ఏమిటంటే ఆ ఇరవై చీరలను పక్కన పెట్టి, మొదటి ఇరవై మందికి కబురు పంపి, 48 గంటలు ఆగి, వద్దన్నవారి స్థానంలో తర్వాతివారిని పిలవడం.

దీనికి వ్యాపారులు చెప్పే అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. పేరు రాయించుకున్న ప్రతివాడూ కొనడు. రెండేసి రోజులు ఆగుతూ పోతే పండగ దాటిపోతుంది, చీర బీరువాలో మిగిలిపోతుంది. నిజమే. అలాంటప్పుడు గడువు 12 గంటలకు కుదించవచ్చు. సగం సరుకు జాబితాకు, సగం పేజీకి అని పంచవచ్చు. ఏం చేసినా ముందే చెప్పాలి. నియమం ఏదైనా కొనేవాడు సర్దుకుంటాడు, నియమం ఉందో లేదో తెలియకపోవడాన్ని భరించలేడు.

ఈ విషయంలో కొత్త దుకాణాలు నేర్చుకోదగ్గ పాఠం ఓ పాత సంస్థ దగ్గరుంది. రైల్వే. వెయిటింగ్ లిస్టులో మీ సంఖ్య ఎంతో టికెట్ మీదే ఉంటుంది. అది ఎంతకు దిగిందో ఎప్పుడైనా చూసుకోవచ్చు. చార్టు వేసేనాటికి బెర్తు రాకపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, నిర్ణీత రుసుము పోను డబ్బు ఖాతాకు చేరుతుంది. కోటాల మీద ఫిర్యాదులు ఎన్నున్నా, 43 నుంచి 12కి దిగిన నంబరు చూసి పెట్టె సర్దుకోని ప్రయాణికుడు ఉండడు.

చట్టం కొంతవరకు తోడుంది. వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ముందే టిక్కు పెట్టిన గడితో కొనుగోలుకు సమ్మతి రాబట్టకూడదు. ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో మొదటిది లేని తొందర పుట్టించడం. సరుకు ఉన్నదానికన్నా తక్కువ ఉందని చూపడం కూడా దాని కిందికే వస్తుంది. చీర కబురు కోసం ఇచ్చిన ఫోన్ నంబరును మరో పనికి వాడుకోవడానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం స్ఫూర్తి ఒప్పుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కానీ చీర దొరకలేదని ఎంతమంది ఫోన్ చేస్తారు? నష్టం వంద మందికి కొంచెం కొంచెంగా జరిగితే ఎవరూ నోరు విప్పరు. లాభం మాత్రం ఒకచోటే పోగవుతుంది.

అందుకే చివరి నియమం దుకాణం తనంతట తాను పాటించాల్సిందే. సరుకు ఇక రాదని తేలితే ఆ మాట చెప్పి పేరు కొట్టేయాలి, నంబరు చెరిపేయాలి. లేదన్నమాట చెప్పిన దుకాణానికి జనం మళ్లీ వెళతారు. మా ఊరి బట్టల కొట్టాయన వేరే కొట్టు దారి చూపించి మరీ పంపేవాడు. అయినా పెళ్లి బట్టలు అందరూ ఆయన దగ్గరే కొన్నారు.

నా చీర సంగతికొస్తే, ఆ జాబితాలో నా పేరు ఎక్కడుందో నాకు తెలియదు. ఉన్నమాట మాత్రం నిజం. ఈ ఉదయం కూడా దుప్పట్ల సందేశం వచ్చింది.