ఎక్స్‌రే మిల్లు గేటు దగ్గరికి రావాలి

రెండు వారాలు దాటి దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వం ఏళ్ల తరబడి చెబుతోంది. టీబీని పట్టుకునే పని చాలావరకు ఈ ఒక్క సూచన మీదే నడిచింది. సూచన మంచిదే. కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో దాన్ని విని కూడా తమకు వర్తించదనుకునే కష్టజీవులు చాలామంది ఉన్నారు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, సిమెంటు కర్మాగారాల్లో బస్తాలు ఎత్తేవాళ్లు, రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిదను లారీలకు నింపేవాళ్లు, ప్రొద్దుటూరు జిన్నింగ్ మిల్లుల్లో పత్తి నూగు మధ్య నిలబడేవాళ్లు, పులివెందుల వైపు ముగ్గురాయి తవ్వి పొడి చేసేవాళ్లు. వీళ్లకు దగ్గు కూలిపనితో పాటు వచ్చేదే. దుమ్ము దగ్గులే, రెండు రోజులు పనికి పోకపోతే అదే తగ్గుతుంది అనుకుంటారు. మెడికల్ షాపులో సిరప్పు కొనుక్కుంటారు, లేదా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏదో ఒక యాంటీబయాటిక్ వాడతారు. అందులో కొన్ని మందులు టీబీ క్రిమిని చంపకుండా కొంతకాలం అణచిపెడతాయి. జబ్బు బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి, ఇంట్లో పిల్లలకు అంటుకొని కూడా ఉండవచ్చు. అందుకే ఈ మూడు పట్టణాల చుట్టూ టీబీని దగ్గును బట్టి వెతికే పద్ధతి చాలదని, ఎక్స్‌రే యంత్రమే పనిచోటికి వెళ్లాలని నా వాదన.

ఇది ఒక ప్రాంతం గురించిన ఊహ మాత్రమే కాదు. 2019 నుంచి 2021 వరకు దేశమంతటా జరిగిన టీబీ సర్వేలో 15 ఏళ్లు దాటిన ప్రతి లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. లక్షణాలు ఉన్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదు. అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి మరొకటుంది. ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే, దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది తప్పిపోయేవారు. దేశం మొత్తం మీదే లెక్క ఇలా ఉంటే, దగ్గును దగ్గుగానే లెక్కచేయని చోట తప్పిపోయేవాళ్లు ఇంకెందరో ఆలోచించండి.

దుమ్ముకు, టీబీకి ఉన్న సంబంధాన్ని కూడా జాగ్రత్తగా చెప్పుకోవాలి. సన్నని సిలికా పొడి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరినప్పుడు, అక్కడ క్రిములను మింగి చంపే రక్షణ కణాలే దాన్ని మింగి దెబ్బతింటాయి. ఆ తర్వాత టీబీ క్రిమికి అడ్డు తగ్గిపోతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో ఆ పొడితో వచ్చే సిలికోసిస్ జబ్బు ఉన్నవారికి టీబీ ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువని పరిశోధనలు చూపించాయి. మన నాపరాయి సున్నపురాయి జాతిది కదా, గ్రానైట్‌లో ఉన్నంత సిలికా దీనిలో ఎక్కడుంది అని గనుల యజమానులు అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. సిలికా శాతం రాయిని బట్టి, గనిని బట్టి మారుతుంది, అందరికీ ఒకే ముప్పు ఉందనడం సరికాదు. అయితే నా వాదన సిలికా ఒక్కదాని మీదే ఆధారపడలేదు. సిలికా తక్కువైనా ఎక్కువైనా, పత్తి నూగైనా బూడిదైనా, రోజూ దగ్గించే దుమ్ము టీబీ దగ్గును కప్పేస్తుంది. దానికి తోడు గాలి ఆడని షెడ్లు, కిక్కిరిసిన అద్దె గదులు. గాలి ద్వారా వ్యాపించే జబ్బుకు ఇంతకంటే అనువైన చోటు అక్కర్లేదు. 2024లో థర్మల్ కేంద్రం బూడిద రవాణా ఎవరికి దక్కాలన్న రాజకీయ తగాదా రాష్ట్రమంతా మారుమోగింది. ఆ బూడిదను పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల మీద అందులో పదోవంతు చర్చ జరిగినా ఎంతో మేలయ్యేది.

ఎక్స్‌రేను ఊళ్లలోకి తీసుకువెళ్లడం రాయలసీమకు కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం ఇరవయ్యో శతాబ్దం రెండో దశకం నుంచి క్షయ రోగులకు ఆశ్రయమిచ్చింది. 1948లో మన దేశంలో బీసీజీ టీకాల ప్రయత్నం మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 వరకు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం ఆ చుట్టుపక్కల జనాన్ని ఎక్స్‌రేలతో పరీక్షించి, గ్రామీణ దక్షిణ భారతంలో టీబీ ఎంత ఉందో ప్రపంచానికి చూపించింది. అప్పటి యంత్రాలు భారీవి, చిత్రం చదవడానికి నిపుణుడు కావాలి. ఇప్పుడు చేత్తో మోసుకెళ్లే యంత్రాలున్నాయి. చిత్రంలో అనుమానాన్ని గుర్తించే కంప్యూటర్ పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఆమోదించింది. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పరికరాలనే ముందుకు తెచ్చింది. కాబట్టి సాంకేతికత లేదనే సాకు చెల్లదు.

అభ్యంతరాలు లేకపోలేదు. దుమ్ముతో మచ్చలు పడిన ఊపిరితిత్తులు ఎక్స్‌రేలో టీబీలా కనిపించవచ్చన్నది వాటిలో బరువైనది. నిజమే. అందుకే ఎక్స్‌రే అనుమానించడానికే తప్ప తీర్పు చెప్పడానికి కాదు. అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరి కఫాన్నీ ట్రూనాట్, సీబీనాట్ వంటి పరీక్షలతో నిర్ధారించాకే మందు మొదలుపెట్టాలి. టీబీ కాదని తేలినవాళ్లను కూడా ఊరికే పంపకూడదు, వాళ్లకు దుమ్ము జబ్బు ఉందేమో చూడాలి. దేశంలో టీబీ ఎటూ తగ్గుతోంది కదా అనేవారూ ఉన్నారు. 2015లో లక్షకు 237 ఉన్న కొత్త కేసుల అంచనా 2023 నాటికి 195కు తగ్గింది. అది మనందరికీ సంతోషమే. కానీ 2025 కల్లా టీబీని అంతం చేస్తామన్న లక్ష్యానికి అది చాలా దూరం. మిగిలిన కేసులు ఆసుపత్రి గడప తొక్కని మనుషుల్లోనే ఎక్కువగా దాగి ఉంటాయి.

అసలు అడ్డంకి కూలి. పరీక్షలో జబ్బు తేలితే పని పోతుందన్న భయం ఉన్నన్నాళ్లు ఎవరూ యంత్రం ముందు నిలబడరు. సరైన మందు మొదలైన కొద్ది వారాల్లోనే చాలామంది నుంచి జబ్బు అంటుకునే ముప్పు బాగా తగ్గిపోతుందని యజమానులకు, తోటి కూలీలకు చెప్పాలి. ఫలితం గోప్యంగా ఉండాలి. పనికి రాలేని రోజులకు కూలి అందాలి. 2024 నవంబరు నుంచి రోగికి నెలకు 1,000 రూపాయల పోషకాహార సాయం అందిస్తున్నారు. తిండి మామూలు విషయం కాదు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లకు పోషకాహారం ఇచ్చినప్పుడు, ఆ కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 నుంచి 48 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కానీ రోజుకూలీ ఇంటికి ఆ వెయ్యి రూపాయలు ఎన్ని రోజులకు సరిపోతాయి? మిగతా భారం ఆ దుమ్ములో లాభం గడించినవారు మోయడమే న్యాయం. 1948 నాటి కర్మాగారాల చట్టమే సిలికోసిస్‌ను, పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఇది కొత్త బాధ్యతేమీ కాదు.

జిల్లా యంత్రాంగం ఏడాదికి రెండుసార్లు నాపరాళ్ల యూనిట్లకు, మిల్లులకు, బూడిద లోడింగ్ కేంద్రాలకు ఎక్స్‌రే బృందాన్ని పంపాలి. తేదీలు ముందే ప్రకటించాలి, ఆ రోజు కూలి కోయకూడదు. కార్మిక శాఖ, కర్మాగారాల తనిఖీ అధికారులు, ఆరోగ్య శాఖ కలిసి వెళ్లాలి. రాయి కోసేటప్పుడు నీళ్లు పెడుతున్నారా, దుమ్ము లాగే యంత్రం నడుస్తోందా అదే రోజు చూడాలి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు సన్నని పొడిని ఆపదు. టీబీ కేసులు తెలియజేయడం 2012 నుంచే తప్పనిసరి కాబట్టి ప్రొద్దుటూరులోని ప్రైవేటు వైద్యులు ప్రతి రోగి వృత్తిని కూడా రాసి పంపాలి. ఎంత మంది ఏ దుమ్ములోంచి వస్తున్నారో ఏటా ప్రజల ముందు పెట్టాలి. జిల్లా కలెక్టర్ ఈ పని వచ్చే జిన్నింగ్ సీజను మొదలయ్యేలోపే ప్రారంభించాలి.